పడవకి రాసే నూనె

పోయిన నెల చీపురుపల్లిలో బస్సెక్కి కూర్చున్నాను. బస్సు కదిలేముందు ఒకావిడ ఎండుచేపల గంపతో ఎక్కింది. కండక్టరు వెనక సీట్లవైపు చెయ్యి చూపించాడు. ఆవిడ నడిచిన మేరా తువ్వాళ్ళూ పైటకొంగులూ ముక్కుల మీదికి లేచాయి. నా పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. ముందు సీట్లో ఉన్న తన బావతో అన్నాడు:

"ఇలాటిదే ఒకర్తి మా ఊళ్ళమ్మట తిరిగీది బావా. గంపలో నూని సీసా ఒకటి ఎట్టుకొచ్చీది. మా ఊరి ఆడగుంట కన్ను తీసీసినాది."

"ఏటి, సేతబడా?"

"సేతబడి కాదు. పడవలకి రాసే నూని పిల్లకి పట్టీసినాది. తెల్లారీసరికి కన్ను పువ్వేసీసినాది. అప్పుడు మా ఊళ్ళో ఉన్న డాట్రుబాబే సెప్పినాడు, దానివల్లే పోనాదని."

ఆ డాట్రుబాబుని నేనే. అప్పుడు నాకు ఇరవైమూడేళ్ళు. ఇప్పుడు జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది, ఆయన నన్ను పోల్చుకోలేదు. "పెద్దాయనా, ఆ మాట అబద్ధం" అంటే సరిపోయేది. దిగాల్సిన ఊరికి ముందే దిగిపోయి ఎండలో నడిచాను. ఇరవై యేళ్ళు దాటిపోయింది, ఊరు మర్చిపోయి ఉంటుందనుకున్నాను. ఊరు మర్చిపోలేదు. నేను చెప్పినదాన్ని నేను చెప్పినట్టే దాచుకుంది.

అందుకని ఇది రాస్తున్నాను.

అరవైల చివర, విజయనగరం జిల్లా ఇంకా ఏర్పడని రోజుల్లో, చీపురుపల్లికి ఆరేడు మైళ్ళ దూరంలో ఒక ఊళ్ళో హెల్తు అసిస్టెంటుగా పనిచేశాను. డాక్టరుని కాను. టీకాలు వెయ్యడం, బావుల్లో మందు కలపడం, ఎవరికి జ్వరమొచ్చిందో రాసుకోవడం నా పని. సైకిలూ తోలుసంచీ చూసి ఊరు నన్ను డాట్రుబాబు అంది. ఆ పిలుపు బాగుంది. నేను దిద్దలేదు.

ఆవిడ సముద్రం వైపు నుంచి వచ్చేది. సంతనాడు చీపురుపల్లిలో ఎండుచేపలు అమ్మి, మిగిలిన గంపతో మర్నాడు మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేది. చోళ్ళో, అదే రాగులో, ధాన్యమో పోయించుకుని మెత్తళ్ళూ ఎండురొయ్యలూ ఇచ్చేది. పేరేమిటో నాకు తెలీదు. రెండేళ్ళపాటు చూసిన మనిషిని పేరడగలేదు. సొరచేప నూనె తెస్తుంది కాబట్టి ఊళ్ళో సొరమ్మి అనేవారు. నేను ఆ మాత్రం కూడా అనేవాణ్ణి కాదు. అప్పట్లో నా నోట ఆవిడ 'అది'. ఇప్పుడు 'ఆవిడ' అని రాస్తున్నాను, ఆలస్యంగా.

పొట్టి మనిషి. నెత్తిన గంప లేనప్పుడు కూడా ఉన్నట్టే నడిచేది. మెడ నిటారుగా, భుజాలు కదలకుండా. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే తల తిప్పేది కాదు, పడవ తిరిగినట్టు మనిషంతా తిరిగేది. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చేది. మాట్లాడాలంటే చుట్టని ఒక మూలకి నెట్టి, రెండో మూలనుంచి మాట్లాడేది. నిజంగా ముఖ్యమైన మాటైతేనే చుట్ట బయటికి తీసేది. అలా తియ్యడం నేను మూడుసార్లు చూశాను.

అరుగుల మీద ఆడవాళ్ళు ఆవిణ్ణి ఊరుకోనిచ్చేవారు కారు.

"సొరమ్మీ, నీ గంప దించకముందే నీ కంపొచ్చి కూకుంటాది మా అరుగు మీద."

"మంచిదే కదే. ఈలోగా నువ్వు సట్టి కడిగి ఎట్టుకుంటావు."

ఇంకొకావిడ చోడి అంబలి పోస్తూ, "తాగు తాగు, మీ సముద్రంలో ఉప్పు తప్ప ఏటి దొరుకుతాది" అనేది. ఆవిడ తన ముంత ముందుకు చాపి, "ఉప్పు నేకపోతే నీ అంబలి నీ మొగుడు కూడా తాగడే" అనేది. ఆ నవ్వులు నా గదిదాకా వినిపించేవి.

మా ఊరి పెరళ్ళలో మునగచెట్లు చాలా. కాయలు ఇంటికి, ఆకు మేకలకి. అది చూసి ఆవిడ ఊరుకునేది కాదు.

"మీ మేకల్ని సూడండి. మునిమాపేళ కూడా దొడ్డి దారి పట్టుకుని ఎల్లిపోతాయి. మీ గుంటలేమో అమ్మ ఏదని గోడలు తడుముతారు."

"మేకల మేత మమ్మల్ని తినమంటావేటే?"

"మేకకి కళ్ళున్నాయి కదేటి."

ఊరు వదిలే ముందు, దీపాలు పెట్టే వేళకి, ఆవిడ చేసే పని ఒకటుండేది. వీధిలో పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ఒక్కొక్కరి ముందూ మట్టిలో ఒక మెత్తల్లు, వేలెడు ఎండుచేప, పడేసేది. "ఎత్తుకో, నీకే." చూపున్న పిల్లలు టక్కున ఎత్తుకునేవారు. రేచీకటి ఉన్నవాళ్ళు చేత్తో నేలంతా రాస్తూ వెతికేవారు. అలా నేల రాసిన చెయ్యిని ఆవిడ పట్టుకుని వాళ్ళమ్మకి చూపించేది. "ఇదిగో, ఈ సెయ్యికి నూని కావాల." కన్ను అని ఎప్పుడూ అనలేదు. పిల్లలకి అదొక ఆట. ఎదురింటి రైతు కూతురు, ఆరేళ్ళది, అందరికంటే ముందు ఎత్తుకునేది. దాన్ని కోడిపిల్ల అనేది ఆవిడ.

నూనె చిన్న సీసాలో, కొబ్బరిపీచు బిరడాతో ఉండేది. తేనె రంగు. పొయ్యడానికి ఆల్చిప్ప. దానికి ఎవరిదగ్గరా ఏమీ తీసుకునేది కాదు. ఇద్దరు ముగ్గురు తల్లులు చాటుగా పోయించేవారు. మిగిలినవాళ్ళు నవ్వేవారు.

"పడవకి రాసే నూని మా పిల్లకెందుకే?"

"పడవ సెక్క ఏళ్ళకేళ్ళు నీట్లో నానినా కుళ్ళకుండా కాస్తాది ఈ నూని. నీ పిల్ల సెక్క కన్నా గట్టిదేటి?"

ఒకసారి నేనే అడిగాను, వెటకారంగా, దీంతో చూపెలా వస్తుందని. గంప మీద తడిగుడ్డ సర్దుతూ చెప్పింది.

"సొర నీటి అడుగున సీకట్లో తిరుగుతాది. అక్కడ దానికి దీపం ఎవరెడతారు బాబూ? సూపంతా కార్జంలో దాసుకుంటాది. ఆ కార్జం కాస్తే తేలిన నూని ఇది. మనిసి కార్జం కూడా దాసుకుంటాది. రోజూ అక్కర్నేదు. అమాసకి అమాసకి పోస్తే సాలు."

"అమావాస్యకే ఎందుకు?"

"తల్లులకి గురుతుంటాది, మరేటి."

చాలా ఏళ్ళ తర్వాత ఒక ట్రైనింగు క్లాసులో పెద్ద డాక్టరు ఒకాయన కాలేయం బొమ్మ గీసి, విటమిన్ ఎ ఇందులో నెలల తరబడి నిలవుంటుంది, కాబట్టి జబ్బు రాకముందే అప్పుడప్పుడూ ఒక పెద్ద మోతాదు పోస్తే చాలు అని చెప్పాడు. అందరూ రాసుకున్నారు. నేను రాసుకోలేదు. ఆ పాఠం నాకు ఎండుచేపల గంప పక్కన అయిపోయింది.

అప్పటి ట్రైనింగులో కూడా విటమిన్ల మీద ఒక పాఠం ఉండేది. ఎ లేకపోతే రేచీకటి, బి లేకపోతే కాళ్ళ తిమ్మిర్లూ వాపులూ, సి లేకపోతే చిగుళ్ళు, డి లేకపోతే దొడ్డికాళ్ళు. ఎ ఎందులో ఉంటుందంటే వెన్న, గుడ్లు, కారెట్లు, ఆకుకూరలు, చేప కాలేయపు నూనెలు. నాకు మంచి మార్కులు వచ్చాయి. కారెట్టు మా ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. మిగతావన్నీ ఎక్కడున్నాయో నేను చూడలేదు.

నా సంగతి ఇప్పుడు చెప్పాలి. ఇది ఇంతవరకూ నా భార్యక్కూడా తెలీదు.

ఆ ఊరొచ్చిన రెండో వానాకాలం రెండు నెలలు జిగట విరేచనాలతో పడున్నాను. తర్వాత కూడా చారూ అన్నమే. మాది నీచు ముట్టని ఇల్లు. కార్తీకంలో ఒక సాయంత్రం సైకిలు మీద వస్తూ గట్టు కనబడక చేలో పడ్డాను. మర్నాడూ అంతే. పొద్దు వాలితే నా ముందు బూడిదరంగు తెర దిగేది. అది ఏ జబ్బో నాకు తెలుసు, పరీక్షలో రాశాను కదా. ఉద్యోగం టెంపరరీ. పర్మనెంటు కావాలంటే కళ్ళతో సహా పరీక్ష చేసి డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందుకని దాచాను. పొద్దుండగానే గది చేరేవాణ్ణి. ఎవరైనా సాయంత్రం పిలిస్తే తలనొప్పి అనేవాణ్ణి. గదిలోంచి బావి దాకా ఎన్ని అడుగులో పగలు నడిచి లెక్కపెట్టుకున్నాను.

ఒకరోజు ఆవిడ నా గది మెట్టు మీద కూర్చుని అంబలి తాగి ముంత కడుక్కుంటోంది. మసక పడుతోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"బాబూ, నీ కాలికాడ ఓ సేప పడిపోనాది. అందుకో."

"నేను ముట్టను. నీకు తెలీదా?"

"పోనీ కాలితో ఇటు తొయ్యి."

కాలు జాపాను. ఏమీ తగల్లేదు. ఇంకోవైపు జాపాను. తగల్లేదు. మూడోసారి జాపబోయి ఆగిపోయాను. నేలని కాలితో రాస్తున్నానని అప్పుడు తెలిసింది.

చుట్ట బయటికి తీసింది. అది మొదటిసారి.

"ఎన్నాళ్ళయినాది?"

ఆవిడ నవ్వలేదు. అమావాస్యకి పెరటివైపు నుంచి వచ్చింది. నా నాలిక మీద ఉప్పుకల్లు పెట్టి, "ముక్కు మూసుకోకు. మూసుకుంటే ఎనకాల కక్కుకుంటావు. ఊపిరి ఒగ్గీసి మింగీ" అంది. రెండు ఆల్చిప్పలు. పదోరోజు సాయంత్రం మంచం మీద కూర్చుంటే, దీపం పెట్టకముందే, ఎదురుగోడ మీద చీమల బారు కనిపించింది. ఒక్కొక్క చీమా కనిపించింది. దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాను. తర్వాతి అమావాస్యకి మరో రెండు. పుష్యంలో డాక్టరు నా కళ్ళు చూసి సంతకం పెట్టాడు. ఆర్డరు రావడమే మిగిలింది.

"ఎవరితోనూ అనకు" అన్నాను ఆవిడతో.

"నాకేటి పని బాబూ. నీ కళ్ళు నీయి."

ఫాల్గుణంలో ఊళ్ళోకి తట్టు వచ్చింది. మా వైపు తట్టు అంటే జబ్బు కాదు, అమ్మోరు ఇంటికి రావడం. ఆ ఇంటి గుమ్మానికి వేపరెమ్మలు కడతారు. తాలింపు వెయ్యరు. నీచు వాసన ఆ వీధిలోకే రాకూడదు. అమ్మోరికి పసుపునీళ్ళ ముర్రాట పోసేదాకా పిల్లకి చల్లన్నం, గంజి, అంతే. నేను ఆ కట్టుబాటుకి ఎదురు చెప్పేవాణ్ణి కాదు. చెబితే మర్నాడు టీకాలకి ఎవరూ చెయ్యి చాపరు.

ఎదురింటి కోడిపిల్లకి వచ్చింది. దద్దు తగ్గింది గానీ పిల్ల లేవలేదు. ఒక సాయంత్రం వాళ్ళమ్మ గంజి గిన్నె ముందు పెడితే చేత్తో నేల తడిమింది.

"అమ్మోరు కళ్ళు మూసినాది బాబూ. ముర్రాట పోస్తే తెరుస్తాది" అంది వాళ్ళమ్మ నాతో. నాకు కాదు, తనకి తనే చెప్పుకున్నట్టుంది.

నేను పిల్ల రెప్ప ఎత్తి చూశాను. తడిగా మెరవాల్సిన కన్ను పొడిగుడ్డలా ఉంది. నాకు తెలిసిపోయింది. ఆ పూటే విటమిన్ గుళికల కోసం ఆఫీసుకి ఉత్తరం రాశాను. మర్నాడు ఆగలేక సైకిలేసుకుని నేనే వెళ్ళాను. స్టాకు లేదు, వస్తుంది, అన్నారు. కొండలవైపు గొడవలతో జీపులన్నీ అటే తిరుగుతున్నాయి. మందుల పెట్టె ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ఉత్త చేతులతో వచ్చాను. ఆ మర్నాడు పొద్దున్నే చూస్తే కుడికంటి నల్లగుడ్డు మీద పల్చటి బూడిదపొర. సాయంత్రానికి ఆ పొర చిక్కబడింది. నేను గుమ్మంలోకీ వీధిలోకీ తిరుగుతున్నాను. ఏ బండి చప్పుడు వినిపించినా గుళికలే అనిపించేది.

అదేరోజు ఆవిడ వచ్చింది. వేపరెమ్మలు చూసి ఊరి బయటే గంప దించింది. కబురు పెట్టి నన్ను రమ్మంది.

"ఏ ఇంట్లో?"

చెప్పాను.

"కోడిపిల్లా?" అని నేలమీద చతికిలబడింది. "సెయ్యి నేల రాస్తందా?"

"రాస్తోంది."

"కన్ను?"

"ఎండిపోయింది. కుడివైపు మసక కూడా వచ్చింది."

చుట్ట తీసేసింది. రెండోసారి.

"బేగి పొయ్యాల బాబూ. తట్టు ఎనకాలే సూపు పోతాది. మా పేటలో తట్టొచ్చిన పెతీ గుంటకీ ముందే పోసీస్తాం."

"నీచు నూనె ఇప్పుడు ఆ గడప దాటనిస్తారా?"

"అమ్మోరు ఆడదే కదేటి. పిల్ల కళ్ళు తీసుకుని ఏటి సేసుకుంటాది? నాను సెప్తే కంపు. నువ్వు సెప్తే ఇంటారు. నువ్వు తాగినోడివి. నేనూ తాగినాను, నాకు సూపొచ్చినాది అని ఒక్క ముక్క సెప్పు. సాలు."

ఒక్క ముక్క. దాన్ని నాలిక మీదికి తెచ్చుకోవాలని చూశాను. కళ్ళు బాగోని సంగతి దాచి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాస్తారు. చేపలావిడ నూనె తాగాడని ఇంటికి తెలుస్తుంది. అమ్మోరి ఇంట్లోకి నీచు పంపించాడని ఊరు టీకాలు మానేస్తుంది. ఇవన్నీ నిజమైన భయాలే. కానీ ఆ పూట వాటికంటే పెద్దది ఆ పిల్ల కన్ను.

"గవర్నమెంటు గుళికలు వస్తున్నాయి. ఎల్లుండికి" అన్నాను.

"ఎల్లుండికి కన్నుంటాదా?"

"ఉంటుంది."

ఆవిడ నన్ను చూసింది. తర్వాత లేచి, మనిషంతా అటు తిరిగి, గంప ఎత్తుకుంది.

వెళ్ళిపోయిందనుకున్నాను. మర్నాడు మిట్టమధ్యాహ్నం, పిల్ల తల్లి నీళ్ళకెళ్ళినప్పుడు, పెరటి గోడవైపు నుంచి ఆ ఇంట్లోకి వెళ్ళింది. బయటికి వస్తుంటే పక్కింటావిడ చూసింది. చేతిలో ఆల్చిప్ప ఉంది. ఇంట్లో ఆ వాసన. ఊరు గగ్గోలెత్తింది. తెల్లవారి చూస్తే పిల్ల కుడికన్ను తెల్లగా పువ్వేసింది.

ఆవిణ్ణి పక్క ఊళ్ళో పట్టుకుని తెచ్చారు. నూర్పులైపోయి ఖాళీగా ఉన్న కళ్ళంలో నిలబెట్టారు. పిల్ల తండ్రి నెమ్మదైన మనిషి. ఆరోజు ఆవిడ ఎదురుగా మోకాళ్ళ మీద కూలబడి, "నా పిల్ల కన్ను నాకిచ్చీయే" అని అదేమాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. ఆవిడ, "పొర ముందే వచ్చినాది అయ్యా, నాను పొయ్యకముందే" అంది. ఎవరూ వినలేదు. పొర ముందే వచ్చిందని రెప్ప ఎత్తి చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఊరిపెద్ద నావైపు తిరిగాడు. "బాబూ, సదువుకున్నోరు మీరు సెప్పండి. ఆ నూనితో కన్ను పోతాదా?"

అందరూ నన్నే చూస్తున్నారు. ఆవిడ కూడా. చుట్ట తీసి చేత్తో పట్టుకుంది. మూడోసారి. ఇప్పుడు చెప్పేస్తుంది, వీడూ తాగాడు అంటుంది, అనుకున్నాను. అది అనేలోపు నేనే అనాలి అనిపించింది.

"పోవచ్చు" అన్నాను.

ఆవిడ చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది. నా సంగతి చెప్పలేదు. చెబితే నమ్మేవారో లేదో. ఎవరో గంపలోంచి సీసా లాగి నేలకేసి కొట్టారు. ఆవిడ దాన్ని చూడను కూడా చూడలేదు. పిల్ల తల్లివైపు తిరిగి, "ఎడం కన్నుంటాది తల్లీ. మునగాకు ఉడకెట్టి ఎట్టు. మేకల మేతనుకోకు" అని చెప్పి నడిచింది. నెత్తిన గంప లేదు. మెడ అలాగే నిటారుగా ఉంది.

తొలకరి పడేదాకా ఆ కళ్ళం ఆ వాసన వదల్లేదు. నేను దారి మార్చి చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి.

గుళికలు వచ్చింది పదకొండోరోజు. మర్నాడు పిల్లని బండిలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు ఎడంకన్ను చూసి, "ఇది బాగానే నిలబడిందే. గుళికలు ఎప్పుడు మొదలెట్టావు?" అన్నాడు.

"నిన్నండీ."

"ఇది ఒక్కరోజు పని కాదే. అంతకుముందు ఏమైనా ఇచ్చావా?"

"ఏమీ లేదండీ."

బయట చాలామంది రోగులున్నారు. ఆయన నా భుజం తట్టి, మంచి పని చేశావన్నాడు. నేను తిరిగొచ్చి రిపోర్టు రాశాను. చేపలమ్మే స్త్రీ ఒకతె ఇచ్చిన నాటుమందు వల్ల కుడికన్ను పోయినది, సకాలంలో ఇచ్చిన గుళికల వల్ల ఎడమకన్ను దక్కినది. ఒకే వాక్యంలో రెండు అబద్ధాలు. తర్వాత నెలలో ఆర్డరు వచ్చింది. ఆవిడ మళ్ళీ మా ఊరివైపు రాలేదు. సాయంత్రాల మెత్తళ్ళ ఆట ఆగిపోయింది. ఆ తర్వాత రెండు మూడేళ్ళలో ఆ ఊళ్ళో ఎంతమంది చేతులు నేల రాశాయో నేను లెక్క రాయలేదు.

బస్సు దిగి నడిచిన పదిరోజులకి ఆ ఊరు వెళ్ళాను. కోడిపిల్లకి ఇప్పుడు పెళ్ళయింది, ఆ ఇంట్లోనే ఉంటోంది. ఒక కూతురు. అరుగు మీద చేటలో బియ్యం ఏరుతోంది. కుడికంట్లో తెల్లపువ్వు, ఎడంకంటితో రాళ్ళు తీస్తోంది. నేనెవరో చెప్పాను. లేచి పీట వేసింది. నేను కూర్చోలేదు. దారిలో పదిసార్లు చెప్పుకున్న మాటలన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. నేను తాగిన సంగతి, ఊరి బయట ఆవిడ అడిగిన సంగతి, కళ్ళంలో అన్న మాట, రిపోర్టు.

ఆమె చేట పక్కన పెట్టింది.

"నాకు తెల్సు బాబూ."

"ఏం తెలుసు?"

"మీరు తాగినారని. ఆల్చిప్ప నోటికెడితే నాను ఉమ్మీసినాను. అప్పుడు నా సెవిలో సెప్పినాది. మీ డాట్రుబాబు కూడా తాగినాడే, నీకన్నా ఎక్కువ మూతి ముడిసినాడు, ఆడికి సూపొచ్చీసినాది, నువ్వు తాగనేవా అని. అప్పుడు మింగినాను. నాలుగు సిప్పలు. మీ పేరు సెప్పబట్టే మింగినాను బాబూ."

నేను పీట మీద కూర్చున్నాను.

"కళ్ళంలో మీరన్న మాట అమ్మ ఇంటికొచ్చి సెప్పినాది. మరి ఆయనా తాగినాడు కదే అన్నాను. అమ్మ నా నోరు మూసీసినాది. డాట్రుబాబు అబద్ధమాడతాడేటి అన్నాది."

"ఆవిడ ఇప్పుడు..."

"పోయి ఐదేళ్ళయినాది. ఆ యమ్మ కోడలొస్తాది ఎండుసేపలమ్మడానికి. దాన్నే అడిగినాను. పోయేవరకూ పేటలో గుంటలకి పోస్తానే ఉన్నాదంట."

క్షమించు అనే మాట ఒకటి తెచ్చుకున్నాను గానీ, దాన్ని ఈమెకి ఇవ్వాలో ఆవిడకి ఇవ్వాలో తెలియలేదు. ఆమే అంది:

"నాకెందుకు సెప్తన్నారు బాబూ? నాకు తెల్సిందే కదా. తెలీనోలకి సెప్పండి."

దీపాల వేళ అవుతోంది. కూతురు ఆడుకుని వచ్చింది, నాలుగేళ్ళుంటాయి. ఇప్పుడు ఆరునెల్లకోసారి నర్సమ్మ వచ్చి పిల్లలకి చెంచాతో తియ్యటి విటమిన్ మందు పోస్తుందట. అయినా కోడిపిల్ల ఉట్టి మీంచి డబ్బా దించి, పిల్ల ముందు మట్టిలో ఒక మెత్తల్లు పడేసింది. "ఎత్తుకో, నీకే." పిల్ల టక్కున ఎత్తుకుని నోట్లో పెట్టుకుంది. ఇంకొకటి నా కాలి దగ్గర పడింది. కావాలని వేసిందో, చేతిలోంచి జారిందో. మసకలో వెండిపోగులా మెరుస్తూ స్పష్టంగా కనిపించింది. ఈసారి కాలితో తొయ్యలేదు. వంగి చేత్తో తీశాను.

బస్సులో ఆ ముసలాయనకీ, ఆ కళ్ళంలో ఆరోజు నిలబడినవాళ్ళలో ఇంకా ఎవరైనా ఉంటే వాళ్ళకీ చెబుతున్నాను. ఆ నూనెతో కన్ను పోదు. పొర నూనెకి ముందే వచ్చింది, నేను చూశాను. దక్కిన ఎడంకన్ను ఆవిడ దక్కించినది. నేనూ తాగాను. రెండు అమావాస్యలు, రెండేసి ఆల్చిప్పలు. నాకు చూపొచ్చింది.